సైక్లోనునకు పేరు పెట్టిన పిడింగ్టను

సైక్లోను అను మాట నేడు మన సముద్రతీరమున చదువురాని పల్లెకారునకును తెలియును. రేడియోలో ఆ మాట చెవిని బడినంతనే అతడు పడవను ఒడ్డునకు లాగి, వలలను ఇంటికి చేర్చుకొనును. ఇది పాశ్చాత్య విద్యాపీఠముల పండితులు తీరికగా కల్పించిన శాస్త్రపదమని మన పాఠకులలో పెక్కురు తలంచుచుండవచ్చును. అది నిజము గాదు. ఆ మాట మన దేశముననే, కలకత్తా నగరముననే, మన బంగాళాఖాతపు గాలివానల లెక్కలనుండియే పుట్టినది. దానిని పుట్టించినవాడు ఆచార్యపీఠమున గూర్చున్నవాడు గాడు. వర్తకపు ఓడలను నడిపిన నావికుడు. ఆతని పేరు హెన్రీ పిడింగ్టను.

కుంఫిణీ కాలమున మన దేశమునకు వచ్చిన తెల్లవారి చరిత్రలను పనిగట్టుకొని స్మరింపవలసిన అగత్యము మాకు లేదు. వారిలో పెక్కురు తెచ్చినదానికన్న పట్టుకొనిపోయినదే హెచ్చు. పిడింగ్టను వారిలో చేరినవాడు గాడు. ఆయన కొలిచినది మన సముద్రమును. ఆయన చేసిన హెచ్చరికను పెడచెవిని బెట్టినది ఆయన జాతివారి ప్రభుత్వమే. ఆ ఉపేక్షకు మూల్యమును తుదకు చెల్లించినవారు తీరవాసులు. కనుక ఆయన చరిత్ర తెలుగువారును తెలిసికొనదగినది.

పిడింగ్టను 1797లో ఇంగ్లండునందలి ససెక్సు సీమలో జన్మించెను. వర్తకనౌకలలో చేరి, నాయకుడై, హిందూదేశము చీనాదేశముల నడుమ సముద్రములలో చాలకాలము తిరిగి, పిమ్మట వంగదేశమున స్థిరపడెను. అచ్చట ఆయన చేయని పని లేదు. హిందూదేశపు మొక్కల పేర్ల పట్టిక నొకదానిని 1832లో ప్రకటించెను. నేలల గుణములను పరీక్షించెను. ఆసియాటిక్ సొసైటీలో పనిచేసి, కలకత్తాలోని ఖనిజ వస్తుప్రదర్శనశాలకు రక్షకుడుగా నుండెను. ఓడలు మునిగినప్పుడు కారణములను విచారించు న్యాయసభకు అధ్యక్షుడుగను వ్యవహరించెను. ఈ కడపటి యుద్యోగమే ఆయన కీర్తికి సగము కారణమని మా యభిప్రాయము. ఓడ ఏల మునిగెనని మరల మరల విచారింపవలసిన వానికి గాలి యెట్లు వీచెనను ప్రశ్న మనస్సును విడువదు గదా.

ఆయనకు పూర్వము గాలిని కొలుచు ప్రయత్నములు లేకపోలేదు. ఆంగ్లేయ నౌకాదళమునకు చెందిన బోఫర్టు అనునాయన 1806లో గాలికి అంకెలు వేసెను. ఓడ ఎన్ని తెరచాపలను మోయగలదను దానిని బట్టి ఆ లెక్క ఏర్పడినది. ఏ గుడ్డయు నిలువని గాలికి 12. ఇది నావికుని కంటితో చేసిన కొలత, యంత్రముతో పనిలేదు. 1838లో నౌకాదళ మంతటను దానిని ఆచరణలోనికి తెచ్చిరి. కాని 12 దాటిన పిమ్మట ఆ లెక్క మూగవోవును. పైగా ఒక ఓడ నున్న చోట గాలి యెంతయో అది చెప్పునేగాని, ఆ గాలి యెంత దూరము వ్యాపించి యున్నదో, దాని నడిబొడ్డు ఎచ్చట నున్నదో చెప్పజాలదు. బలము తెలిసినను పరిమాణము తెలియదు.

పరిమాణమునకు దారి చూపినవారు వేఱు. అమెరికాలో రెడ్‌ఫీల్డు అను జీనుల పనివాడు 1821 నాటి పెనుగాలి తరువాత కాలినడకన పోవుచు, ఒక ప్రాంతమున చెట్లు ఒక దిక్కునకును, మఱియొక ప్రాంతమున దానికి సరిగా ఎదుటి దిక్కునకును కూలియుండుటను గమనించి, గాలి సుడి తిరిగినదని గ్రహించెను. పది సంవత్సరములకు, 1831లో గాని ఆతడు దానిని అచ్చువేయింపలేదు. ఆ యేడే బార్బడోసు ద్వీపమును హరికేను నేలమట్టము చేయగా, కట్టడములను మరల నిలుపుటకు వెళ్లిన రీడ్ అను సేనా ఇంజనీరు ఈ విషయమును పట్టుకొని, ఓడల దినచర్యలను పోగుచేసి, 1838లో తుపానుల ధర్మమును గుఱించి గ్రంథము వెలువరించెను. ఆ గ్రంథము కలకత్తా చేరి పిడింగ్టను కంట బడెను. అట్లాంటికు సముద్రమున నిజమైనది బంగాళాఖాతమున నిజమగునా కాదా యని పరీక్షించుటకు ఆయన పూనుకొనెను.

1839 జూను మాసమున బంగాళాఖాతమున నొక గాలివాన చెలరేగినది. పిడింగ్టను మొదటి పరిశోధన దానిపైననే. ఆయన పద్ధతిని కొంచెము వివరింతుము. ప్రతి ఓడయందును గంట గంటకు గాలి దిక్కు, దాని బలము, బారోమీటరులోని పాదరసపు ఎత్తు, ఓడ యున్న స్థానము వ్రాయు పుస్తకము లుండును. గాలివాన వెలిసినపిమ్మట ఓడలు రేవు చేరగా, ఆయన ఆ పుస్తకములను సంపాదించి, ఒకే దినము ఒకే గంటకు ఏ యే ఓడ ఎచ్చట నున్నదో పటముపై గుర్తించి, ప్రతి స్థానమునను గాలి దిక్కును బాణముగా గీచెను. ఒక ఓడకు గాలి తూర్పునుండి, ఇంకొక దానికి పడమటినుండి, వేఱొక దానికి దక్షిణమునుండి. విడివిడిగా చూచిన అన్నియు అబద్ధములు చెప్పుచున్నట్లుండును. ప్రతి బాణమునకును లంబముగా నొక గీత గీచినచో ఆ గీతలన్నియు ఇంచుమించుగా నొక్కచోట కలిసికొనును. అదియే తుపాను కేంద్రము. మఱునాటి లెక్కతో కేంద్రము ఎంత జరిగినదో, ఏ దిక్కునకు జరిగినదో తేలును. గాలి సామాన్యముగా నున్న ఓడలను గుర్తించినచో తుపాను అంచు దొరకును. కేంద్రమునుండి అంచునకు గల దూరమే దాని పరిమాణము.

ఇంత సులభమైన యుపాయమునకు ఇంతకాలము పట్టెనా యని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఉపాయము సులభమే; పుస్తకములు దొరకుటయే కష్టము. ఓడల యజమానులు నష్టము బయలుపడునని దాచుదురు. నాయకులు తమ తప్పు బయలుపడునని దాచుదురు. కొన్ని ఓడలు పుస్తకములతోకూడ సముద్రము పాలగును. పిడింగ్టను పట్టు విడువక, జాబులపై జాబులు వ్రాసి, ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఇరువదికి పైగా పరిశోధనలను ప్రకటించెను. 1842 జూనులో కలకత్తాను కొట్టిన తుపాను వానిలో నొకటి.

ఆ వరుసలోనే మన కోరంగియు చేరినది. గోదావరి ముఖమున, నేటి కాకినాడకు దాపున నున్న కోరంగి ఆ కాలమున ఓడలు కట్టు రేవు. దేశదేశముల సరకు దిగు పట్టణము. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటములు ఒకదానివెంట నొకటి వచ్చి ఆ యూరిని ముంచినవి. మొదటిది రేవులోని ఓడలను గట్టెక్కించినది. రెండవది పల్లపు నేలలను నింపినది. మూడవది మిగిలినదంతయు తుడిచిపెట్టినది. ఇరువదివేలమంది మరణించిరని చెప్పుదురు. ఈ వృత్తాంతమును పిడింగ్టను తన గ్రంథమున చేర్చెను. ఏబది సంవత్సరములకు, 1839 నవంబరు 25వ తేదీన, కోరంగికి మరల అదే గతి పట్టినది. నలువదడుగుల కెరటమనియు, మూడులక్షల ప్రాణములనియు పుస్తకములలో నున్నది. ఆ నాటికి మన దేశమున జనాభా లెక్క లేదు; మూడులక్షలను ఎవ్వరును ఒకటొకటిగా లెక్కించి యుండరు. ఊరు పోయినదన్న మాట మాత్రము నిశ్చయము. కోరంగి పిమ్మట పూర్వవైభవమును పొందలేదు. వర్తకము కాకినాడకు తరలిపోయెను.

మఱియొక ఓడ సంగతి చెప్పక తీరదు. దాని పేరు గోల్కొండ. ఆంగ్లేయులు చీనావారికి బలవంతముగా నల్లమందు అమ్ముటకై చేసిన యుద్ధమునకు మద్రాసు కాల్బలమును ఎక్కించుకొని పోవుచు, 1840 సెప్టెంబరులో చీనా సముద్రమున టైఫూనులో చిక్కి అది మునిగినది. తమది కాని యుద్ధమున, తాము చూడని శత్రువుతో పోరుటకు బయలుదేరి సముద్రము పాలైన ఆ సిపాయిల సంగతి మన బడిపుస్తకములకు ఎక్కలేదు. పిడింగ్టను ఆ టైఫూనును గూడ పటముపైకెక్కించెను. ఆయన దృష్టిలో అది గాలికి బలియైన ఓడ మాత్రమే గాదు. గాలి సుడి తిరుగునని తెలియకపోవుటకు బలియైన ఓడ.

ఆ యజ్ఞానము ఎట్టిదో తెలుపు విచిత్రోదాహరణము ఆయనకు 1845లో దొరకెను. చార్లెస్ హెడిల్ అను ఓడ ఫిబ్రవరిలో మారిషసు దగ్గఱ తుపానులో చిక్కినది. నాయకుడు వాడుక ప్రకారము గాలికి వీపు చూపి పరుగెత్తించెను. ఐదు దినములు పరుగెత్తెను. వేయి మైళ్లకు పైగా వచ్చితినని ఆతని లెక్క. పిడింగ్టను ఆ ఓడ పుస్తకమును పటముపై గీచి చూడగా, అది తుపాను కేంద్రము చుట్టు ఐదు ప్రదక్షిణములు చేసినదని తేలినది! గానుగెద్దు రోజంతయు నడచియు గానుగకడనే యుండినట్లు, ఆ ఓడ సుడితోపాటు తిరుగుచు, ఆ సుడి జరిగినంతమేరకే తానును జరిగినది. గాలి సుడి తిరుగునా యని వాదించుచున్న వారి నోళ్లు దీనితో చాలవఱకు మూతపడినవి. తుపానును కొలుచు పరికరముగా దైవము ఒక ఓడను నియోగించెనా యనిపించును.

1848లో ఆయన నావికులకొఱకు కొమ్ముపుస్తకము అను పేర నొక గ్రంథమును లండనులో ప్రకటించెను. సైక్లోను అను మాటను అందే ప్రతిపాదించెను. దానిని ఎందుకు కల్పింపవలసి వచ్చెనో విచారించిన ఆతని సూక్ష్మబుద్ధి తెలియును. ఆ నాటి నావికులకు గాలి పేర్లు లేకపోలేదు. గేలు, స్టారము, హరికేను, టైఫూను అని పెక్కులు కలవు. అవన్నియు బలమును బట్టియో, ప్రాంతమును బట్టియో ఏర్పడినవి; ఒకడు హరికేను అన్నదానిని ఇంకొకడు గేలు అనును. సుడిని తెలుపు మాట వారి నోట లేదు. అందుచే గ్రీకుభాషలో పాము చుట్టను సైతము తెలుపు పదమునుండి సైక్లోను అను పేరును తీసి, అది గాలి బలమును చెప్పదనియు, వంకర తిరుగు స్వభావమును మాత్రమే చెప్పుననియు నిర్ణయించెను. బలము వేఱు, స్వరూపము వేఱు అను వివేకము ఆ మాటలోనే యిమిడియున్నది. సంస్కృతమున చక్రవాత శబ్దము ప్రాచీనము. చిన్నికృష్ణుని ఎత్తుకొనిపోయిన తృణావర్తుడు ఆ రూపముననే వచ్చెనని భాగవతము చదివినవారెల్ల రెఱుగుదురు. కలకత్తాలో అంతమంది పండితులుండగా ఆ నావికునికి ఆ మాట చెప్పువారు దొరకకపోయిరి కాబోలు.

ఆ పుస్తకమునకు కొమ్ముపేరు ఊరక రాలేదు. వెలుతురు చొచ్చు పలుచని కొమ్ము రేకులు రెండు దానితో నిచ్చిరి: ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరపు సముద్రములకు, రెండవది దక్షిణపు సముద్రములకు. వానిపై సుడిగాలి వలయములు గీచి యుండును. నావికుడు రేకును తన సముద్రపటముపై నుంచి, తన ఓడకు తగిలిన గాలి వలయములో నెచ్చట కుదురునో చూచినచో కేంద్రము ఎటువైపున నున్నదో తెలియును. ఉత్తరార్ధమున గాలి వచ్చుచున్న దిక్కునకు మొగమై నిలిచినచో కేంద్రము కుడిచేతి ప్రక్క నుండును. దక్షిణార్ధమున ఎడమచేతి ప్రక్క. ఇంతమాత్రము తెలిసినవాడు తుపాను నోటికి ఎదురుగా పోడు.

దిక్కు తెలిసినది, దూర మెట్లు? అందులకు ఆయన బారోమీటరును పట్టుకొనెను. మన తలపై నున్న గాలి బరువును బట్టి ఆ గాజుగొట్టములోని పాదరసము నిలుచును. తుపాను కేంద్రము దాపునకు వచ్చినకొలది దిగును. ఎంత దిగినదనుటకన్న ఎంత వేగముగా దిగుచున్నదనుట ముఖ్యమని పిడింగ్టను గ్రహించెను. గంటకు అంగుళములో నూఱవవంతులు 2 మొదలు 6 వఱకు దిగినచో కేంద్రము 250 మొదలు 150 మైళ్ల దూరముననున్నది. 6 మొదలు 8 వఱకైనచో 150 మొదలు 100 మైళ్లు. 8 మొదలు 12 వఱకైనచో 100 మొదలు 80. 12 మొదలు 15 వఱకైనచో 80 మొదలు 50 మైళ్లు. ఈ పట్టికను నావికుల కరదీపికలలో ఆయన తరువాతను బహుకాలము అచ్చువేయుచు వచ్చిరి. తంతి లేదు, ఆకసమునుండి తీసిన పటములు లేవు, తోడి ఓడతో మాటాడు సాధనము లేదు. నడిసముద్రమున ఒంటరియైన ఓడకు ఒక గాజుగొట్టము, ఒక గడియారము, ఒక కొమ్మురేకు ఇచ్చి, కంటికి కానరాని రాక్షసుని దూరము కొలువుమని నేర్పెను.

ఆయన లెక్కలో లోపములు లేవని మేము చెప్పము. తుపానులన్నియు నొక్క పరిమాణమువి గావు. కొన్ని బిగువుగా చుట్టుకొనును, కొన్ని వదులుగా పఱచుకొనును. అందుచే ఒకే వేగముతో పాదరసము దిగినను దూరము వేఱుగా నుండవచ్చును. గాలియు సరియైన వలయముగా తిరుగదు. లోపలికి చొచ్చుచు తిరుగును. కావున కేంద్రము సరిగా కుడిచేతి ప్రక్కన గాక కొంచెము వీపువైపున నుండును. ఆ కొలది తేడాతో కొందఱు నావికులు మోసపోయి యుందురు. తరువాతి శాస్త్రజ్ఞులు వీనిని సవరించిరి. పాము చుట్టను తెలుపు పేరు పెట్టినవాడు తన రేకుపై మాత్రము బండిచక్రమును గీచెనుగదా యని నవ్వుకొనవచ్చును.

ఈనాటి కొలతల మాట రెండు వాక్యములలో చెప్పి మరల పిడింగ్టను కడకు వత్తుము. 1943లో మొదటిసారి ఒక విమానము హరికేను నడిబొడ్డునకు బుద్ధిపూర్వకముగా పోయి వచ్చినది. నేడు అట్లాంటికులో విమానములనుండి చిన్న పరికరములను జారవిడిచి, లోపలి గాలిని, వాయుభారమును కొలుచుచున్నారు. 1970 తరువాత డ్వొరాక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఉపగ్రహములు తీసిన పటములలో మేఘముల చుట్ట ఎంత బిగిసియున్నదో చూచి బలమును అంచనా కట్టు విధానమును ఏర్పఱచెను. బంగాళాఖాతమున ప్రధానాధారము నేటికిని అదియే. తీరము చేరువైనప్పుడు విశాఖపట్టణము, బందరు రాడారులు తోడగును. మన వాతావరణ శాఖవారు గాలి వడి 34 నాట్లు చేరినచో తుపాననియు, 48 చేరిన తీవ్రమనియు, 64 చేరిన అతితీవ్రమనియు, 90 చేరిన అంతకు మించినదనియు, 120 చేరినచో సూపరు సైక్లోననియు తరగతులు చేసిరి. అమెరికావారు 64 నాట్లనుండి ఐదు తరగతులు చేసిరి. అమెరికావారు ఒక నిమిషపు సగటును, మనవారు మూడు నిమిషముల సగటును తీసికొందురు గనుక ఒకే తుపానునకు ఇద్దఱి అంకెలు కలియవు. పత్రికలలో అంకెలు చూచి ఏది పెద్దదని తగవులాడువారు ఇది గుర్తుంచుకొనవలెను. గాలి వడి ఇనుమడించినచో అది గోడపై చూపు ఒత్తిడి నాలుగింతలగును. 60 నాట్లకు నిలిచిన ఇంటికప్పు 80 నాట్లకు నిలుచునని ధైర్యపడరాదు.

పరిమాణమునకును బలమునకును పొత్తు తక్కువ. 1979లో పసిఫికు సముద్రమున లేచిన టిప్ అను టైఫూను అడ్డుకొలత 2,200 కిలోమీటర్లు. 1974లో ఆస్ట్రేలియాలోని డార్విను పట్టణమును కూల్చిన ట్రేసీ తుపానున పెనుగాలి కేంద్రమునుండి 50 కిలోమీటర్లయినను పాఱలేదు. అయినను ఆ పట్టణమున ఇండ్లలో చాలభాగము మిగులలేదు.

గాలిని ఇన్ని విధముల కొలిచినను తీరవాసిని చంపునది ముఖ్యముగా గాలి గాదు, నీరు. ఈ సంగతిని తెలుగువాడు ఎఱిగినట్లు ఇతరులు ఎఱుగరు. గాలివాన యని గాలికి వానకు ఒక మాట, ఉప్పెన యని సముద్రము నేలపైకి వచ్చుటకు వేఱొక మాట మనకు తాతలనాటినుండి కలవు. పిడింగ్టను దానిని తుపాను కెరటమని పిలిచెను. కేంద్రమున గాలి బరువు తగ్గినందున సముద్రము కొంత ఉబ్బును; పాదరసము అంగుళము దిగిన నీరు పదుమూడు పదునాలుగు అంగుళములు లేచును. ఎంత గొప్ప తుపానునైనను ఇది కొలది అడుగులకు మించదు. తక్కినదంతయు గాలి త్రోసి తెచ్చినది. లోతైన సముద్రమున త్రోయబడిన నీరు అడుగునుండి వెనుకకు పోవును. లోతు తక్కువైన మన తీరమున, అందును నదీముఖములందు, దానికి పోవుటకు చోటు లేక పైకి లేచును. పోటువేళ అయినచో చెప్పనక్కఱలేదు.

నావికులకొఱకు తుపానులను కొలుచుటతో మొదలుపెట్టిన పిడింగ్టను తుదకు నేలపైనివారి కొఱకు కలము పట్టెను. ఆ నాడు హుగ్లీ నదికి మేట వేయుచున్నదను భయముతో, సుందరవనములలో మాతలా నదిపై వేఱొక రేవును కట్టవలెనను ఆలోచన పుట్టినది. ప్రభువు డల్‌హౌసీ. 1853లో పిడింగ్టను ఆయనకు బహిరంగముగా నొక లేఖ వ్రాసి అచ్చువేయించెను. బంగాళాఖాతపు ఉప్పెనలు సుందరవనములను ఎట్లు ముంచుచున్నవో అందు వివరించి, అచ్చట పట్టణము కట్టినచో ఏదో ఒకనాడు తుపాను నడుమ ఉప్పునీరు పొర్లివచ్చి, ఆ పట్టణమంతయు 5 మొదలు 15 అడుగుల లోతున మునుగునని అంకెలతోసహా హెచ్చరించెను. ఇది జ్యోస్యము గాదు. పదునాలుగేండ్లు ఓడల పుస్తకములను తిరుగవేసి వేసిన లెక్క. దొరతనమువారు పని ఆపలేదు. పిడింగ్టను 1858లో కలకత్తాలో చనిపోయెను.

పట్టణము లేచినది. తరువాతి ప్రభువు పేర దానిని పోర్టు క్యానింగు అనిరి. రైలు వేసిరి, వంతెనలు కట్టిరి, కంపెనీ వాటాలకై ధనవంతులు ఎగబడిరి. 1867 నవంబరులో తుపాను వచ్చినది. పెద్ద తుపానులలో ఎన్నదగినది గాదు. వచ్చిన కెరటము ఆఱడుగులది. పిడింగ్టను చెప్పిన హద్దులలో అది క్రింది కొనకు దగ్గఱిది మాత్రమే. అదియే చాలినది. రేవు పాడైనది, 1872లో దానిని వదలివేసిరి. సుడిగాలుల లెక్కను పరిహసించినవారు ఎవరైన అప్పుడు ఆ లేఖను వెదకి చదివిరో లేదో.

ఇంతలో 1864 సంవత్సరము వచ్చి పోయినది. ఆ యేడు అక్టోబరు 5వ తేదీన కలకత్తాను తుపాను కొట్టినది. హుగ్లీ వెంట ఎగదన్నిన ఉప్పెనకు సుమారు ఏబదివేలమంది చచ్చిరి. నెల తిరుగకముందే, నవంబరు 1వ తేదీ రాత్రి, మన బందరుపై ఉప్పెన వచ్చినది. ముప్పదివేలమంది! కృష్ణ ఆనకట్ట కట్టి అప్పటికి పదేండ్లు కాలేదు. కాలువలు త్రవ్వి, పంట పెంచి, శిస్తు పెంచి, జనమును సముద్రపుటంచువఱకు నింపిన ప్రభుత్వము ఆ జనమునకు తుపాను వచ్చుచున్నదని చెప్పుటకు ఒక జెండానైన నిలుపలేదు. రెండు పట్టణములు ఒకే యేడు మునిగినవి. మఱుసటి సంవత్సరము, 1865లో, హెచ్చరికల యేర్పాటు జరిగినది, కలకత్తా రేవునకు. అచ్చట ఓడలు, సరకులు కలవు. హిందూదేశపు రేవులన్నిటికిని ఆ యేర్పాటు వ్యాపించునప్పటికి 1886 అయినది. నడుమ గడచిన ఇరువదియొక్క సంవత్సరములను బందరువాసులు ఆకసము వంక చూచుచు గడపిరి. తంతి లేకపోవుటచే గాదు. తంతిని డల్‌హౌసీయే 1850 దాటిన తరువాత దేశమంతట వేయించెను. పిడింగ్టను ఓడలు ఒడ్డు చేరువఱకు వేచియుండి, గడచిన తుపానునకు శవపరీక్ష చేయవలసి వచ్చెను; ఆ తంతి ఆతని బాణములను గంటలలో ఒకచోటికి చేర్చగలదు. సాధనము కలిగియు లేనట్లయినది.

స్వతంత్ర భారతమున ఆ దోషము పోయినదని గర్వపడుదమన్న, 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ మా కన్నులయెదుట నిలుచును. తుపాను వచ్చుచున్నదని ఆ నాడు ఆకాశవాణి చెప్పకపోలేదు. గాలి అంకె చెప్పినది. పదునైదడుగులకు మించి నీరు లేచి, మైళ్లకొలది లోపలికి చొచ్చునన్న మాట పల్లెలకు పల్లెలకు చేరలేదు. పదివేలమంది పోయిరని ప్రభుత్వపు లెక్క. గాలివానను ఎఱిగియే ఇంటిలో కూర్చున్నారు. ఉప్పెనను ఎఱిగిన ఎవరు కూర్చుందురు?

అమెరికావారికి సైతము ఈ వివేకము ఆలస్యముగనే కలిగినది. వారి ఐదు తరగతుల పట్టికలో ప్రతి తరగతి గాలికిని ఇంత కెరటమని చాలకాలము జతపఱచి యుంచిరి. 2004లో ఫ్లారిడాను తాకిన చార్లీ నాలుగవ తరగతిది, చిన్న చుట్ట, లేచిన నీరు ఆఱేడడుగులు. 2008లో టెక్సాసును తాకిన ఐక్ రెండవ తరగతిదే. అయినను విశాలమైన చుట్ట. నీరు పదునైదు మొదలు ఇరువదడుగులు. రెండవ తరగతియేగదా యని కొందఱు ఇల్లు కదలలేదు. ఆ తరువాత, 2010లో, కెరటపు అంకెలను ఆ పట్టికనుండి తొలగించి, నీటిని వేఱుగా కొలిచి చెప్పుట మొదలిడిరి. మన వాతావరణ శాఖవారును నేడు తుపాను ప్రకటనలలో గాలి తరగతితోపాటు, సముద్రపు పోటుపైని ఉప్పెన ఎంత యెత్తు లేచునో, ఏ జిల్లాలో పల్లపు నేలలు మునుగునో విడిగా తెలుపుచున్నారు. 1853లో పిడింగ్టను మాతలా నదిని గుఱించి వ్రాసిన లేఖలో చేసినది ఇదియే: ఒక చోటును పేర్కొని, అచ్చట నీటిలోతు ఇన్ని అడుగులని చెప్పుట.